బరువు దింపే రాయి

చింతపల్లి పైన మా కాఫీ తోట నిటారు గట్టు మీద ఉంది. బడిపంతులుగా రిటైరయ్యాక కూడా ఆ గట్టెక్కడం నేను మానలేదు. కోతకు నేనూ మా అప్పా వెళ్తాం. అప్ప అంటే మా అక్క, నాకన్నా బాగా పెద్దది, భర్త పోయాక నాతోనే ఉంటోంది. ఆ మొక్కలన్నీ ఆమె నాటినవే. మేం ఎక్కలేకపోతే తోట పరాయి చేతుల్లోకి పోతుందని ఇద్దరికీ లోపల బెంగ.

ఈ చలికాలం మొదట్లో నాకో అనుమానం పట్టుకుంది. పొగమంచులో ఖాళీ బుట్ట వీపున వేసుకుని ఎక్కుతుంటే వెనక ఎవరో రొప్పుతున్నారు. నేను ఆగితే ఆ రొప్పూ ఆగేది. తిరిగి చూస్తే అప్ప తప్ప ఎవరూ లేరు. ఆమె మూతి బిగించి నిలబడి ఉండేది. బుట్టలో ఎవరో కూర్చున్నట్టు బరువు, తొడల్లో మంట. దెయ్యాలంటే నవ్వేవాణ్ణి నేను. ఆ దారిలో మాత్రం నవ్వు రాలేదు.

అప్పకు చెప్పాను. రొప్పు సంగతి వినగానే ఆమె తల తిప్పుకుంది.

"నీ మీద ఎవులో ఎక్కీసినారు. రాయి కాడ దించీయాల," అంది.

దారి మధ్యలో ఒక బల్లపరుపు రాయి ఉంది. బరువులు మోసేవాళ్లు అక్కడ దించి అలుపు తీర్చుకుంటారు. కారణం తెలియని బరువు మీద పడితే, ఖాళీ బుట్ట ఆ రాయి మీద బోర్లించి, వెనక్కి చూడకుండా ఇల్లు చేరాలని మావాళ్ల ఆచారం. అలాగే చేశాను. కిందికి వస్తుంటే ఒళ్లు దూదిపింజలా ఉంది. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, దిగేటప్పుడు ఎవరికైనా తేలిగ్గానే ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. మర్నాడు ఎక్కబోతే ఆ బరువు నా కోసం కాచుకుని ఉంది.

పాడేరులో డాక్టరమ్మ గుండె, ఊపిరితిత్తులు అన్నీ చూసి జబ్బేమీ లేదంది. వయసు మీద పడ్డాక అదే నడకకు కండలు ఎక్కువ శక్తి తగలేస్తాయట. పడిపోకుండా కాపాడాలని కాలి ముందు కండా వెనక కండా ఒకేసారి బిగుసుకుని, ఒకదానితో ఒకటి పెనుగులాడతాయట. నాకు ప్రాణం లేచొచ్చింది. తిరుగు జీపులో అప్పకు ఇదంతా చెబితే ఆమె లోయవైపు తిరిగింది.

"దెయ్యమైతే దించీవోళ్లం. కండలోనే ఉందంటే మరెక్కడ దించుతాం?"

నాకు నిజంగా భయమేసింది.

మర్నాడు రాయి దాకా ఎక్కి కూలబడ్డాను. నువ్వు ఇక్కడే ఉండు, నేను కోసుకొస్తానని అప్ప ముందుకు సాగింది. మంచులో ఆమె చీర కూడా కనబడకుండా పోయింది. మెల్లగా నా ఊపిరి కుదుటపడింది. అప్పుడు వినిపించింది, అదే రొప్పు. నేను కదలకుండా కూర్చున్నాను, అది పైనుంచి వస్తోంది. కాసేపు ఆగింది. మళ్లీ మొదలై నావైపు దిగసాగింది.

మంచులోంచి అప్ప వచ్చింది. ఈసారి మూతి బిగించలేదు. నేను ఆగినప్పుడల్లా ఇన్నాళ్లూ ఆమె బిగబట్టిన ఊపిరి గొంతులో కొట్టుకుంటోంది. వచ్చి, తన ఖాళీ బుట్టను నా పక్కన రాయి మీద బోర్లించింది.

"ఎనక్కి సూడకు, నడు," అంది.

ఇద్దరం చూడకుండానే దిగాం. పైన తోటలో కాయంతా పండి ఉంది.