చేపల షెడ్డులో పాట కట్టిన డెల్లా

డెల్లా మార్ఫ్లీట్ మా చేపల షెడ్డులో పనికి చేరినప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్లు. నాకు ముప్పై ఎనిమిది. గ్రిమ్స్‌బీ రేవు పక్కన రేకుల కప్పు కింద, పొడవాటి బల్లకు అటూ ఇటూ నిలబడి పన్నెండుమంది ఆడవాళ్లం హాడక్ చేపలకు ముల్లు తీసి ముక్కలు కోసేవాళ్లం. డెల్లాను నా పక్కన నిలబెట్టారు. మొదటిరోజే ఆమె ఎడమ చేతికి ఒకదానిమీద ఒకటి మూడు గ్లవ్జులు తొడుక్కుని వచ్చింది. మా మేస్త్రీ మావిస్ చూసి ఊరుకోలేదు.

“ఏమే, చలా? ఈ ఊళ్లో పుట్టినదానివేగా?”

“చలి కాదు. వేళ్లు తెగకూడదు.”

“మా వేళ్లు తెగొచ్చు, నీవి తెగకూడదా? మహారాణివా?”

“గిటార్ వాయిస్తాను,” అంది డెల్లా, తల ఎత్తకుండా.

బల్ల బల్లంతా ఘొల్లుమంది. ఆ పూట నుంచి ఆమె పేరు గిటారమ్మ. ఆమె కోప్పడలేదు, నవ్వనూ లేదు. కత్తి పట్టుకుని పని చేసుకుంటూ పోయింది. టీ వేళ అందరం వేడినీళ్ల బకెట్టు చుట్టూ చేరి చేతులు ముంచుకుంటుంటే, ఆమె మాత్రం గోడవైపు తిరిగి, పెదాలు కదుపుతూ ఏదో గొణుక్కునేది. పాట కట్టుకుంటోందని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

మా ఇంటికి మూడిళ్ల అవతలే ఆమె ఇల్లు. తల్లి ఆమె పదకొండో ఏట ఇంకొకరితో వెళ్లిపోయింది. మళ్లీ ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. తండ్రి సిరిల్ ఐస్‌లాండ్ దాకా వెళ్లి చేపలు పట్టిన మనిషి. ఆ దేశంవాళ్లు తమ నీళ్లలోకి మన పడవలు రాకూడదని కట్టడి చేశాక అతను మళ్లీ సముద్రం ముఖం చూడలేదు. అయినా రోజూ సాయంత్రం ఆరుకు పది నిమిషాలుండగా, ఓడలవాళ్ల కోసం రేడియోలో చెప్పే వాతావరణం మాత్రం తప్పకుండా వినేవాడు. ఏ సముద్రంలో ఏ గాలి, ఎంత జోరు, అంతా విని రేడియో ఆపేసేవాడు. ఆ ఇంట్లో రోజు మొత్తానికి వినిపించే మాటలు దాదాపు అవే.

ఒక ఆదివారం మధ్యాహ్నం డెల్లా నా తలుపు కొట్టింది.

“ఓడ్రీ, మీ అమ్మగారి గది ఖాళీగానే ఉందిగా? ఆదివారాలు నాకిస్తావా? పాటలు రికార్డు చేసుకోవాలి.”

“మీ ఇంటికేమొచ్చింది?”

“నాన్న ఉంటే నాకు నోరు పెగలదు.”

అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆ గదిలోకి నేనే వెళ్లేదాన్ని కాదు. డెల్లా బీరువాలోంచి అమ్మ కోట్లన్నీ తీసి, శబ్దం తిరిగి కొట్టకుండా గోడల నిండా తగిలించింది. కిటికీకి బొంత కట్టింది. అరువు తెచ్చుకున్న క్యాసెట్ మెషీను మంచంమీద పెట్టుకుంది. నేను వంటింట్లో కుర్చీ కూడా జరపకుండా, టీ కెటిల్ ముట్టుకోకుండా కూర్చునేదాన్ని. ఆమెది పెద్ద గొంతు కాదు. గిన్నెలు కడుగుతూ ఎవరో తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. నాకు సంగీతం తెలియదు. కానీ ఆ పాటలు వింటుంటే, ఆ ఇంట్లో నేను ఎన్నేళ్ల నుంచి ఒక్కదాన్నే ఉంటున్నానో మొదటిసారి తెలిసొచ్చింది.

ఆమె ఆ క్యాసెట్టును పదకొండు చోట్లకు పంపింది. ఒకే ఒక్క చోటు నుంచి జవాబు వచ్చింది. లీడ్స్‌లో ఒక సైకిల్ షాపు పైగదిలో కూర్చుని చిన్న చిన్న రికార్డులు వేసే ఐవర్ అనే మనిషి రాశాడు. నాలుగు పాటలతో రికార్డు వేస్తానన్నాడు. రికార్డుకు తొడిగే అట్టలు మాత్రం మీరే మడుచుకోవాలన్నాడు. రెండు ఆదివారాలు నా వంటింటి బల్లమీద అట్టలు మడిచి జిగురు అంటించింది మేమిద్దరమే. తొంభై ఒకటి వసంతంలో డెల్లా షెడ్డు పని మానేసి, గిటారు, ఒక సంచీ పట్టుకుని పాడటానికి బయలుదేరింది. తోడు ఎవరూ లేరు.

సిరిల్ ఇంట్లో ఫోను లేదు. అందుకని ప్రతి ఆదివారం పదకొండింటికి ఏదో ఒక ఊరి ఫోన్‌బూత్ నుంచి నాకు చేసేది.

“నిన్న స్టోక్‌లో ఒక పబ్బులో పాడాను.”

“జనం వచ్చారా?”

“ముగ్గురు. ఇద్దరు డార్ట్స్ ఆడుకోవడానికి వచ్చారు. నేను పాడుతుంటే బాణాలు ఎక్కడ చప్పుడవుతాయోనని మెల్లగా విసిరారు, పాపం.”

“మూడో మనిషి?”

“పబ్బువాడు.”

కార్లైల్‌లో ఆమెను రమ్మన్నవాడు రమ్మన్న సంగతే మరిచిపోయాడు. తలుపుకు తాళం. వానలో గంటన్నర నిలబడి బస్సెక్కింది. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇళ్లలో, సోఫాల వెనక, నేలమీద పడుకునేది. వాళ్లు మంచివాళ్లే. దుప్పటి ఇచ్చేవాళ్లు, పొద్దున్నే రొట్టె కాల్చి పెట్టేవాళ్లు. “కానీ ఓడ్రీ, నాలుగు రోజులైంది, ఎవరూ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. పాలు కావాలా అని తప్ప,” అంది ఒకసారి. నేను మావిస్ కాలు బెణికిన సంగతి చెప్పాను. అది విని ఆమె చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ ఏడు అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం డెల్లా కోవెంట్రీలో, బట్టలుతికే మెషీన్ల షాపులో కూర్చుని ఉంది. షాపు రేడియోలో ఎవరో కొత్త పాటలు వేస్తున్నారు. ఉన్నట్టుండి తన గొంతే వినపడింది. తండ్రి మీద కట్టిన పాట అది. సముద్రం పోయాక కూడా గాలి కబుర్లు వినే మనిషి పాట. షాపులో ఆమె కాక ఒక్క ముసలాయనే ఉన్నాడు. దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఒంటరిగా మడవలేక తంటాలు పడుతున్నాడు.

డెల్లా లేచి వెళ్లి ఆ దుప్పటి రెండో కొస అందుకుంది.

“అది నేనేనండీ,” అంది.

“ఏది?”

“ఆ పాట. రేడియోలో పాడుతున్నది నేనే.”

ఆయన రేడియో వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

“మరి ఇక్కడ కూర్చుని బట్టలుతుక్కుంటున్నావేంటమ్మా?”

పాట అయ్యేదాకా ఇద్దరూ దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డారు. తర్వాత ఆయన బాగుందన్నాడు, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మరునాడు ఫోనులో ఇదంతా చెప్పి, “నాన్నను పిలుస్తావా?” అంది. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

వెళ్లి పిలుచుకొచ్చాను. సిరిల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, నా నడవలో ఫోను పక్కన బిగుసుకుపోయి నిలబడ్డాడు. రిసీవరు చెవికి ఆనించకుండా బెత్తెడు దూరంలో పెట్టుకోవడంతో అవతలి మాటలు నాకూ వినపడ్డాయి.

“నాన్నా, నా పాట రేడియోలో వేశారు.”

“విన్నాను. ఎదురింటాయన కేకేశాడు.”

“ఎలా ఉంది?”

సిరిల్ రిసీవరును నోటికి దగ్గరగా జరుపుకున్నాడు.

“తూర్పు గాలికి పడవ వణికింది అన్నావు. తూర్పు గాలికి మేమెప్పుడూ జడవలేదు. ఈశాన్యం. ఈశాన్యం అను.”

“రికార్డు అయిపోయింది కదా నాన్నా.”

“అయితే మాత్రం? తప్పు తప్పే.”

ఫోను నా చేతికిచ్చి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఏడుస్తోందేమోనని రిసీవరు చెవికి పెట్టుకున్నాను. డెల్లా ఏడవడం లేదు. “ఈశాన్యం, ఈశాన్యం” అని మెల్లగా పాడుకుంటోంది, వరసకు కుదురుతుందా లేదా అని. ఆ తర్వాత ఎక్కడ పాడినా ఈశాన్యమనే పాడింది.

రేడియో పుణ్యాన లండన్‌లో ఒక పెద్ద రికార్డు కంపెనీ కబురు పెట్టింది. వెళ్లింది. వెనక వాయించడానికి ముగ్గురు కుర్రాళ్లను కుదిర్చారు. గొంతు పెంచమన్నారు, జుట్టు కత్తిరించమన్నారు, ఆ చేపల ఊరి యాస కాస్త తగ్గించమన్నారు. జుట్టు కత్తిరించుకుంది. మిగతా రెండూ ఆమె వల్ల కాలేదు. అక్కడ ఆమె ఉన్నది ఏడుగురు అద్దెకుండే ఇల్లు.

“ఇక్కడ అందరం ఎవరి పాలసీసా మీద వాళ్లు పేరు రాసుకుంటాం ఓడ్రీ. ఈ ఇంట్లో నా పేరున్నది అదొక్కచోటే.”

“ఒక్కరితోనూ స్నేహం కాలేదా?”

“మెట్లమీద ఎదురైతే సారీ అంటారు. నేనూ సారీ అంటాను.”

పద్నాలుగు నెలల్లో ఒక్క పాట కూడా కట్టలేకపోయింది. కంపెనీ వాళ్లు పాత పాటలతో తయారైన రికార్డును బయటికి వదలకుండా బీరువాలో పెట్టి, మర్యాదగా ఒక ఉత్తరం రాశారు. తొంభై మూడు నవంబరులో డెల్లా మళ్లీ షెడ్డు గుమ్మంలో నిలబడింది. బల్ల దగ్గర అందరూ తలలు తిప్పి చూశారు. మావిసే ముందుకొచ్చింది.

“వచ్చావా గిటారమ్మా? రాణీగారు మిమ్మల్ని ప్యాలెస్‌లో ఉంచుకోలేదా?”

“లేదు. కంపు కొడుతున్నానంది.”

అందరూ నవ్వారు. మావిస్ కూడా నవ్వి, డెల్లా అందుకోబోయిన కత్తిని లాక్కుంది. “నువ్విది ముట్టుకోకు. ఐసు పెట్టెల దగ్గరికి పో. అక్కడైతే వేళ్లు చచ్చుబడతాయే గానీ తెగవు.”

ఆ చలికాలమంతా ఆదివారాలు అమ్మ గదిలో రెండో రికార్డు తయారైంది. ఒకరోజు వంటింటి కిటికీలోంచి చూస్తే, సిరిల్ నా గేటు బయట, అమ్మ గది కిటికీకి దగ్గరగా, కోటు కాలరెత్తుకుని నిలబడి ఉన్నాడు. తలుపు తీసి లోపలికి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు.

“ఎంతసేపట్నుంచి ఉన్నావిక్కడ?”

“అది పాట మొదలెట్టినప్పట్నుంచి.”

“పిలవనా దాన్ని?”

“వద్దు. నేనున్నానని తెలిస్తే దానికి గొంతు బిగుసుకుంటుంది. చెప్పకు.”

తర్వాతి ఆదివారమూ వచ్చాడు. ఆ పై ఆదివారం మంచు పడుతుంటే కూడా వచ్చాడు. గొడుగు ఇస్తే పుచ్చుకోలేదు. ఇద్దరికీ మధ్య ఒక గోడ, అమ్మ కోట్లు. మాట ఇచ్చాను కాబట్టి డెల్లాకు చెప్పలేదు. సిరిల్ పోయిన తర్వాతే చెప్పాను. చెప్పి ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

ఐవర్ ఆ రికార్డును సైకిల్ షాపు పైగది నుంచే బయటికి తెచ్చాడు. పెద్దగా మోగిపోలేదు. కానీ ఊరూరా కొంతమంది దాన్ని వెతుక్కుని కొన్నారు, ఉత్తరాలు రాశారు, వచ్చి పాడమన్నారు. డెల్లా ఐసు పెట్టెలు వదిలేసింది. ఆపైన పాటల మీదే బతికింది, బొటాబొటిగానే అయినా.

తొంభై అయిదు ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం లింకన్‌లో, లైబ్రరీ హాల్లో పాడుతోందంటే రైలెక్కి వెళ్లాను. డెబ్బైమంది దాకా వచ్చారు. అంతమందిలో ఒక్కరూ దగ్గలేదు. పాటలయ్యాక జనం వరసకట్టి ఒక్కొక్కరే ఆమె దగ్గరికి వెళ్లారు. ఒకావిడ తన భర్త సంగతి చెప్పింది. ఒకాయన తన తమ్ముడి సంగతి చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. డెల్లా అందరి చేతులూ పట్టుకుని వింది. పావుగంటలో హాలు ఖాళీ అయింది. ఆమె మోకాళ్లమీద కూర్చుని వైర్లు చుట్టుకుంటుంటే నేను కుర్చీలు సర్దాను.

స్టేషన్‌లో బెంచీమీద కూర్చుని ఇద్దరం ఒకే పొట్లంలో చిప్స్ తిన్నాం.

“ఎంతమంది మాట్లాడారే నీతో!” అన్నాను.

“వాళ్ల గురించి మాట్లాడారు. అందుకేగా పాడేది.”

“మరి నీ గురించి?”

“పాడుతున్నంతసేపూ బాగుంటుంది ఓడ్రీ. అయిపోయాక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు.”

“ఇంటికి రా. రేపు మాంసం కాలుస్తాను.”

“రేపు నార్విచ్‌లో పాడాలి.”

ఆమె బండి ముందొచ్చింది. గిటారును కిటికీ పక్క సీట్లో నిలబెట్టి, తను దాని పక్కన కూర్చుని నాకు చెయ్యూపింది. బండి కదలకముందే కళ్లు మూసుకుంది. నా బండి రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. చల్లారిన చిప్స్ తింటూ కూర్చున్నాను.