మోకాలు వంగిన మధ్యాహ్నం

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. తాయెత్తులకూ నిమ్మకాయలకూ పైసా ఖర్చుపెట్టిన మనిషిని కాను. మూడో తరగతితోనే బడి మానేసినా, కంటికి కనబడని దానికి భయపడకూడదన్న తెలివి మాత్రం ఉంది. ముసలామెకు మతి తప్పిందని అనుకోకండి. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. అప్పుడే నా కుడి మోకాలికి ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక గల్లీలో, మొదటి అంతస్తులో మా కొడుకు కిరాయికి ఉండేవాడు. దవాఖాన నుంచి నన్ను అక్కడికే తెచ్చారు.

ఆపరేషన్ బాగానే అయింది. కష్టమంతా తర్వాతే. మంచం మీద కాలు చాపి, పాదానికి టవల్ తగిలించి, రెండు కొసలూ పట్టుకొని మడమను నా వైపు గుంజుకోవాలి. మోకాలు కొంచెం వంగేది, అంతలోనే గడియ పెట్టిన తలుపులా ఆగిపోయేది. కాలు వంచే మెషిన్ ఉంటుందట, కిరాయికి తెచ్చుకోమన్నారు. నా కాలు నేను వంచుకోవడానికి కిరాయి ఏమిటని వద్దన్నాను.

వ్యాయామం చేయించే అమ్మాయి ఎల్బీనగర్ నుంచి బస్సులో వచ్చేది. ఒకరోజు కోణం కొలిచే బద్ద మోకాలికి ఆనించి చూసి, పెదవి విరిచింది.

"అమ్మమ్మా, ఇట్లనే బిగుసుకపోతే కష్టం. మళ్ల దవాఖానకు తీస్కపోయి, మత్తిచ్చి జబర్దస్తీ వంచుతరు. నేను మళ్లొచ్చేటాళ్లకు వంగాలె."

ఆ మాటతో నాకు అన్నం సహించలేదు. మరునాటి నుంచే బంద్ మొదలై బస్సులు ఆగిపోయాయి. ఆ అమ్మాయి రాలేదు.

ఆ బంద్‌లోనే ఒక మధ్యాహ్నం కరెంటు కూడా లేదు. కొడుకు రాస్తారోకోకు పోయాడు. కోడలు పక్క గదిలో పడుకుంది. పొద్దున చౌరస్తాలో వినబడిన నినాదాలు ఆగిపోయాయి. ఎప్పుడూ లారీలు, బస్సులతో మోగే రోడ్డు మీద ఒక్క హారన్ లేదు. నేను టవల్ గుంజుతూ, నొప్పికి పళ్ళు కొరుకుతూ ఉన్నాను.

అప్పుడు ఇసుర్రాయి తిరుగుతున్న చప్పుడు వినబడింది.

ఆ చప్పుడు నేను పొరబడేది కాదు. నల్గొండ వైపు మా అత్తగారి ఊళ్ళో, పెళ్ళయిన కొత్తలో నేనూ మా యారాలూ, అంటే మా ఆయన అన్న భార్య, రోజూ జొన్నలు విసిరేవాళ్ళం. ఎదురెదురుగా కూర్చొని, తలా ఒక కాలు చాపి, ఒకే పిడిని ఇద్దరం పట్టుకోవాలి. ఒకరు గుంజితే ఇంకొకరు వదలాలి. నా చెయ్యి ఆలస్యమైతే అక్క ఊరుకునేది కాదు.

"ఏందే కొత్త పెండ్లికూతురా, రాయి తిప్పుతున్నవా, దానికి దండం పెడుతున్నవా? గుంజు!"

నన్ను కసిరిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె పోయి ఏళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో అందరినీ నేనే కసురుతాను. నన్ను కసిరేవాళ్ళు లేరు.

చప్పుడుకు తగ్గట్టు నా చేతులు వాటంతటవే టవల్ గుంజాయి. మడమ దగ్గరికి వచ్చింది. వదిలాను. అంతే, అవతలి నుంచి ఎవరో పట్టుకొని లాగినట్టు టవల్ బిగిసి, కాలు నెమ్మదిగా చాపుకుంది. మళ్ళీ గుంజాను. మళ్ళీ అవతల లాగారు. ఒకసారి నేను ఆలస్యం చేస్తే టవల్ విసురుగా కదిలింది, అచ్చం ఆమె చెయ్యే.

నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. తెరిస్తే పోతుందేమోనని తెరవలేదు. నొప్పి ఉంది, కానీ ఆపబుద్ధి కాలేదు. ఎంతసేపో చెప్పలేను. చప్పుడు ఆగాక చూస్తే మడమ తొడ దాకా వచ్చి ఉంది. మంచం అవతల ఎవరూ లేరు.

కలే అనుకునేదాన్ని. నొప్పి గోళీల మత్తు అనుకునేదాన్ని. కానీ సాయంత్రం కింది వాటాలో ఉండే తెనాలి ఆవిడ పైకి వచ్చింది.

"పిన్నిగారూ, కరెంటు లేకుండా మిక్సీ ఎలా వేశారండీ? మధ్యాహ్నమంతా ఒకటే గరగర. మావారి నిద్ర కాస్తా పోయింది."

"మిక్సీ ఏంది ఆంటీ, మా ఇంట్ల రోలు సుత లేదు," అని కోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బస్సులు నడిచాక ఆ అమ్మాయి వచ్చి బద్ద పెట్టింది. ఒకటికి రెండుసార్లు చూసుకుంది.

"గింత ఎట్ల వంగింది అమ్మమ్మా? ఎవరు చేయించిన్రు?"

"నా కాలు, నేనే వంచుకున్న," అన్నాను. మళ్ళీ దవాఖానకు పోవలసిన పని పడలేదు.

ఆ తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు టవల్ పట్టుకొని కళ్ళు మూసుకున్నాను. గుంజి, వదిలి, ఎదురుచూశాను. టవల్ వదులుగానే ఉండేది. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమంటే నమ్మను. దయ్యం కాదంటే మరేమిటో చెప్పలేను.

ఇప్పుడు ఎడమ మోకాలు కూడా అరిగిందట. ఈ వయసులో మళ్ళీ ఆ బాధ ఎందుకమ్మా అని కొడుకు అడ్డం పడుతున్నాడు. నేనే పట్టుబట్టి డాక్టరుతో ఆపరేషన్‌కు సరే అన్నాను. నడక కోసమేనని వాళ్ళకు చెప్పాను.