పేరు పిలిచినప్పుడు సభలో లేడు

లెమ్యూల్ స్ట్రౌడ్ గుర్రపు జీనులు కుట్టి బతికేవాడు. మాట తప్పడన్న పేరుంది కనుక మా ఇండియానా రాష్ట్ర శాసనసభకు మేమే ఎన్నుకుని పంపాం.

ఆ రోజుల్లో తెల్లవాడి మీద నల్లవాడు సాక్ష్యం చెబితే కోర్టులో చెల్లదు. లెమ్యూల్ పక్క పొలం గిడియన్ పెటిఫోర్డ్ అనే నల్ల రైతుది. అతని గుర్రాన్ని ఒక తెల్లవాడు పట్టపగలే తోలుకుపోయాడు. జడ్జి గిడియన్‌ను నోరు తెరవనివ్వలేదు. ఆ చట్టాన్ని మార్చే బిల్లు సభకు రాబోతోందని విని గిడియన్ వచ్చాడు.

"మావైపు ఓటేస్తారా, స్ట్రౌడ్ గారూ?"

"వెయ్యకపోతే నేనేం మనిషిని, గిడియన్?"

ఓటింగు నాడు పార్టీ పెద్ద వచ్చి లెమ్యూల్ భుజం మీద చెయ్యేశాడు. "దానికి ఓటేశావో, మళ్ళీ జీనులు కుట్టుకోవడమే."

సభలో ఒక్కొక్కరి పేరే పిలుస్తున్నారు. తన వంతు దగ్గరపడుతుంటే లెమ్యూల్ దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. తన పేరు రెండుసార్లు పిలవడం తలుపు వెనక నిలబడి విన్నాడు. బిల్లు చిత్తుగా ఓడింది. తన ఒక్క ఓటుతో గెలిచేదేం కాదు. ఆ మాట దారి పొడుగునా చెప్పుకున్నా మనసు ఊరుకోలేదు.

లెమ్యూల్ ఇంటికి చేరిన మర్నాడే గిడియన్ తన భార్య చేసిన యాపిల్ రొట్టె పట్టుకొచ్చాడు. "ఓడితే ఓడింది. మాకోసం ఒకరు నిలబడ్డారు, అదే పదివేలు" అన్నాడు. లెమ్యూల్ తల ఊపాడు.

అతను వెళ్ళాక, రొట్టె కోయబోతున్న లెమ్యూల్ భార్య టబిత కత్తి బల్ల మీద పెట్టేసింది. "సభలో మీరేం చేశారో పార్టీవాళ్ళ నోట విన్నాను. ఇది మీ గొంతు ఎలా దిగుతుందండీ?"

ముట్టని ఆ రొట్టె తీసుకుని లెమ్యూల్ గిడియన్ పొలానికి వెళ్ళాడు. జరిగింది చెప్పాడు.

గిడియన్ నాగలి ఆపలేదు. "దగ్గు తగ్గిందా?" అన్నాడు. చాలు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాక మళ్ళీ అన్నాడు: "నన్ను మాట్లాడనివ్వలేదు, బాబూ. మిమ్మల్ని పిలిచి మరీ అడిగారు."

తర్వాతి ఎన్నికకు పార్టీవాళ్ళు వస్తే లెమ్యూల్ ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే చర్చిలో అందరి ముందూ లేచి చెప్పేశాడు. కొందరు నవ్వారు. "దగ్గు స్ట్రౌడ్" అని పేరు పడింది. ఆ పేరుతో పిలిచినా పలికేవాడు.

వసంతంలో గిడియన్ పొలం అమ్మేసి, కుటుంబంతో నల్లవాడి సాక్ష్యమూ చెల్లే మిషిగన్ రాష్ట్రానికి బయలుదేరాడు. బండి వస్తుంటే లెమ్యూల్ టోపీ తీసి గుమ్మంలో టబిత పక్కన నిలబడ్డాడు. గిడియన్ టబితకు తల వంచి నమస్కరించి, గుర్రాలను అదిలించాడు.