మూడిళ్లకు పంచిన కంప్యూటర్

మా చిన్నప్పుడు... నాంపల్లి ఇంట్లో నాన్నవాళ్లు ముగ్గురన్నదమ్ములకూ ఒకటే వంటిల్లు. పొద్దున్నే గంగాళంలో నీళ్లు కాగుతుంటే, స్నానానికి ఎవరు ముందని పిల్లలం కొట్టుకునేవాళ్లం. ఆ ఇంటికి ఒక కంప్యూటర్ వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది... కంప్యూటర్ మీద కాదు, మా పెద్దవాళ్ల మీద.

కొనడానికి అందరం కలిసి అబిడ్స్ దాకా నడిచి వెళ్లాం. ఒక కాంప్లెక్స్ పై అంతస్తులో ఇరుకు దుకాణం... బల్ల నిండా బోర్డులు, వైర్లు, వాటి మధ్య సగం తాగిన చాయ్ గ్లాసు. నాన్న గుమాస్తా. ఆఫీసులో తెలిసినవాళ్లను అడిగి వచ్చి క్యాబినెట్, దాని లోపలి బోర్డు, ప్రాసెసర్ ఎంచుకున్నాడు. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి వ్యాపారం చేసే పెద్దనాన్నకు ఆ గొడవేమీ పట్టలేదు. "గీట్ల అన్నిటికంటె పెద్దది ఏదో గది నాకియ్యి" అని మానిటర్ కొన్నాడు.

తీరా ఇంటికి తెచ్చాక కార్ల రేసు గేమ్ నడవలేదు. కారు ఒక గజం కదలడం, ఆగడం... మా ఏడుపు మొహాలు చూసి బాబాయి మళ్లీ అబిడ్స్ తీసుకెళ్లాడు. ఆయన పిల్లలకు ట్యూషన్లు చెప్పేవాడు, కాస్త తెలిసిన మనిషి.

"గ్రాఫిక్స్ కార్డు లేకుంటె గేమ్ నడ్వది రా... ర్యామ్ గూడ జర పెద్దది ఎయ్యాలె" అన్నాడు. పాత ర్యామ్ దుకాణంలో ఇచ్చేసి, కొత్త ర్యామ్, కార్డు తన జేబులోంచి కొన్నాడు. ఇంటికొచ్చి తానే బిగించాడు. "అంచులే పట్టుకోవాలె. గా బంగారు గీతల మీద ఏలు వెట్టొద్దు" అని ఎంత ముద్దుగా నేర్పాడో...

ఇక చూడండి మా రాజ్యం. పెద్దనాన్న కొడుకు శ్రీనన్న, నేను, బాబాయి కూతురు స్వాతి... ఒక్క కీబోర్డు మీద ముగ్గురం, ఒక్క కారు. శ్రీనన్నది స్టీరింగు, నాది స్పీడు, స్వాతిది బ్రేకు. ఆ పిల్ల ప్రతి మలుపులోనూ భయపడి బ్రేకు నొక్కేది. మేం ఒక్క రేసూ గెలిచిన పాపాన పోలేదు.

తర్వాత పెద్దవాళ్లకు చెడింది. పెద్ద కారణమేం లేదు... వంటింట్లో ఎవరి చాకిరీ ఎక్కువ అన్న దగ్గర మొదలై, వేరు కాపురాల దాకా పోయింది. పంపకాలు చేయడానికి గౌలిగూడ నుంచి వాళ్ల మేనమామను పిలిపించారు. గుండిగలు అయిపోయాయి, మంచాలు అయిపోయాయి, సందుగలు అయిపోయాయి. చివరికి ఆయన కళ్లు కంప్యూటర్ మీద పడ్డాయి.

"గిదేంది? టీవీయా?"

"కంప్యూటర్ మామా" అన్నాడు నాన్న.

"ఎవరు కొన్నరు?"

ముగ్గురూ ఒక్కసారే నోరు తెరిచారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఇంక లొల్లెందుకు? ఎవరు కొన్నది ఆళ్లు తీస్కపోన్రి."

శ్రీనన్న ఏడుస్తూ పెద్దనాన్న చెయ్యి పట్టుకున్నాడు. "బాపూ, ఎవరింట్లనన్న ఒక్కతాననే ఉండనియ్యి. మేం ముగ్గురం గాడికే పోయి ఆడుకుంటం."

"ఆళ్లింట్ల అడుగు వెట్టినవంటే కాళ్లిరుగుతయ్" అంది పెద్దమ్మ. మొన్నటిదాకా నాకు అన్నం కలిపి ముద్దలు పెట్టిన పెద్దమ్మే!

బాబాయి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. మా కళ్ల ముందే కార్డు పీకాడు, ర్యామ్ పీకాడు... బంగారు గీతల మీద వేలు పెట్టొద్దన్న మనిషి, వాటినే గుప్పిట పట్టి పేపర్లో చుట్టాడు. నాన్న ఏమన్నా తక్కువ తిన్నాడా? ఎవరూ అడగకముందే "కీబోర్డు నాది" అని చంకలో పెట్టుకున్నాడు. ఛీ... పదేళ్ల వయసులో నాకు పెద్దవాళ్లంటే అసహ్యం పుట్టింది ఆ రోజే.

పోనీ, ఒక్కరికైనా పనికొచ్చిందా? మానిటర్ పెద్దనాన్న కిరాయి ఇంట్లో, నెత్తిన పూలకుండీతో. కార్డు, ర్యామ్ పిన్ని బీరువాలో పట్టుచీరల మధ్య. మా ఇంట్లో మిగిలిన డబ్బా, మీట నొక్కితే ర్యామ్ లేదని పీప్... పీప్... అని అరిచేది. అమ్ముకోలేదు, ఇచ్చుకోలేదు. తాము తినరు, ఒకరికి పెట్టరు!

మేం మాత్రం నిజంగానే విడిపోయాం. స్వాతి పెళ్లయిందని ఎవరో చెబితే తెలిసింది. శ్రీనన్నకు జుట్టు నెరిసిందని ఫోన్‌లో ఫొటో చూస్తే తెలిసింది.

మొన్న మా అమ్మాయికి గేమింగ్ కంప్యూటర్ కొనడానికి మళ్లీ అబిడ్స్ వెళ్లాను. అద్దాల క్యాబినెట్లు, లోపల రంగురంగుల లైట్లు... ఫ్యాన్లు కూడా వెలగాలట! కార్డు ఇటుకంత ఉంది. "అయిదేండ్లు ఫికర్ లేదు సార్" అన్నాడు దుకాణాయన. ప్రాసెసర్ నుంచి కుర్చీ దాకా అన్నీ మా అమ్మాయే ఎంచుకుంది.

"కంట్రోలర్ ఒకటియ్యాల్నా, రెండియ్యాల్నా అమ్మా?" అని ఆయన అడిగాడు.

"ఒక్కటి చాలు అంకుల్. నాతోని ఇంకెవరు ఆడతరు?" అంది, ఏ బాధా లేకుండా.

ఈ కంప్యూటర్‌ను రేపు ఎవరూ స్క్రూలు విప్పి పంచుకోరు. చిన్నప్పుడు నేను కోరుకున్నది అదే... కానీ పోట్లాడి పంచుకోవడానికైనా పక్కన ఒకరుండాలి కదా...

మీ ఇళ్లలో పంపకాలప్పుడు ఏ వస్తువును ఇలా ముక్కలు చేశారు? కింద రాయండి, అందరం కలిసి తిట్టుకుందాం.

శ్రీనన్నా, స్వాతీ... ఇది మీ కంట పడితే, పిల్లల్ని తీసుకుని మా ఇంటికి రండి. పెద్దవాళ్లను అడగక్కర్లేదు... ఇప్పుడు పెద్దవాళ్లం మనమే.