ఆ ఊరి గ్రంథాలయంలో మా ఆవిడ

మా ఆవిడ ఫోటో ఒకటి ఒక పశ్చిమ దేశంలో, ఒక చిన్న ఊరి గ్రంథాలయం గోడ మీద కొన్ని వారాలు ఉంది. ఆ ఊరికి ఆమె వెళ్లలేదు, నేనూ వెళ్లలేదు. వీసా అడిగినా ఇచ్చేవారని అనుకోను. ఫోటోను మాత్రం ఎవరూ ఆపలేదు. దాని కింద "తెర వెనుక మౌనం" అని రాశారు.

మా ఇంట్లో మౌనం నాది. ఆమెకు దానితో ఏ సంబంధమూ లేదు.

మాది రాయచోటి దగ్గర దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే. నేను కువైట్‌లోని సులైబియాలో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌ని. ఆమె ఇక్కడికి ఇంటిపనికి వచ్చింది. ఆ ఇంట్లో మామా అని పిలిచే యజమానురాలి గౌన్లు ఒక ఏడు వదులు చేస్తూ ఒక ఏడు బిగిస్తూ చివరికి దర్జీ అయింది. జాబ్రియాలో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో పని చేసేది. పోయిన చలికాలంలో గుండె ఆగి చనిపోయింది. మట్టి ఇక్కడే చేశాం.

జాబ్రియాలోనే ఒక బడిలో ఇంగ్లిష్ చెప్పే తెల్ల టీచరమ్మ ఆ దుకాణానికి మొదటిసారి వచ్చినప్పుడు మంచి ఎండాకాలం. ఒంటి నిండా నల్ల అబాయా, తలకు ఒక స్కార్ఫ్, అది జారకుండా ఇంకొకటి. చెమటతో తడిసి ముద్దయిపోయి ఉందట. ఇంతకంటే వదులైన అబాయాలు రెండు కావాలంది. ఆ సమయానికి దుకాణంలో ఒక కువైటీ అమ్మాయి జుట్టు విరబోసుకుని జీన్స్ ప్యాంటు పొడవు తగ్గించుకుంటోంది.

"మేడమ్, ఇక్కడ ఎవరూ ఏమనరు, నీ ఇష్టమంటే నమ్మల్యా," అని మా ఆవిడ ఆ రాత్రి నాకు అన్నం పెడుతూ చెప్పింది. "వాళ్లమ్మ చెప్పిందంట, తల కప్పుకోకుండా వీధిలోకి పోతే రాళ్లేస్తారని. మనకంటే పెద్ద ముసల్మాను అయిపోయినాది, పాపం."

"కుట్టావా?"

"కుట్టకుండా? లోపల రెండు జేబులు గూడా పెట్టినా. భయమేసినప్పుడు చేతులన్నా పెట్టుకుంటాది."

కొన్నాళ్లకు టీచరమ్మకు తన గురించి భయం పోయింది. ముందు పై స్కార్ఫ్, తర్వాత కింది స్కార్ఫ్, తర్వాత అబాయా పోయాయి. అప్పుడు ఆమె మా ఆవిడ గురించి భయపడడం మొదలుపెట్టింది.

"నీ మొగుడు నిన్ను పనికి పోనిస్తాడా అనడిగింది దొరసాని."

"ఏం చెప్పావు?"

"పోనీకుండా అద్దె వాళ్ల నాయన కడతాడా అంటి. స్కార్ఫ్ గూడా నువ్వే కట్టుకోమన్నావా అంట. మా ఆయనకు నేను కట్టుకున్నదీ తెలీదు, విప్పిందీ తెలీదు, బుక్కులోంచి తలెత్తితే గదా అని చెప్పినా."

"నమ్మిందా?"

"యాడ నమ్ముతాది? నా చెయ్యి పట్టుకోని, ఎప్పుడన్నా కష్టమొస్తే నాకు ఫోన్ చెయ్యి అనింది. సరే మేడమ్ అన్నా. మంచి మనిషే అబ్బా. నీ మొహం చూడల్యా గదా, అందుకని భయపడతాంది. చూస్తే నవ్వుకుంటాది."

నాకు కోపం రాలేదు. ఇక్కడి నుంచి వెళ్లిపోయే తెల్లవాళ్లు వదిలేసిన ఇంగ్లిష్ పుస్తకాలు శుక్రవారం సంతలో దొరుకుతాయి. నేను చదివేవి అవే. నాలాంటి పేరున్నవాడు వాటిలో ఏదైనా పేల్చడానికి వస్తాడు, లేకపోతే ఒంటెను పట్టుకుని దారి చూపడానికి వస్తాడు. స్టాకు సరిచూసి, బస్సెక్కి ఇంటికి వచ్చి, పప్పన్నం తిని పడుకునేవాడు ఒక్కడూ తగల్లేదు. టీచరమ్మ చదివినవీ అలాంటి పుస్తకాలే. ఆమె వాటిని నమ్మింది, నేను చదివి పక్కన పెట్టాను. మా ఇద్దరికీ తేడా అంతే.

తర్వాత ఒకరోజు ఆమె ఫోటోల మాట ఎత్తింది. వాళ్ల ఊళ్లో మసీదు కట్టుకుంటామని కొన్ని కుటుంబాలు అనుమతి అడిగాయట. ఊరు ఊరంతా వద్దంటోందట. అక్కడి గ్రంథాలయంలో ఇక్కడి ఆడవాళ్ల ఫోటోలు పెడితే, వీళ్లూ మనుషులేనని వాళ్లకు తెలుస్తుందని ఆమె ఆశ. ఆశ మంచిదే. మనుషులని తెలియాలంటే దిగులుగా కనిపించాలని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు.

శుక్రవారం పొద్దున, దుకాణం మూసి ఉన్నప్పుడు ఫోటోలు తీసింది. వెలుతురు ముఖం మీద పడడానికి పెద్ద తెల్ల అట్ట ఒకటి తెచ్చింది. దాన్ని పట్టుకుని నిలబడడం నా పని. టీచరమ్మ నన్ను చూడడం అదే మొదలు. మా ఆవిడ చెప్పినట్టు నవ్వుకోలేదు గానీ, కొంచెం నిరాశపడినట్టు అనిపించింది.

మా ఆవిడకు ఫోటో అంటే ఇఖామా ఫోటో, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు మీది ఫోటో. కెమెరా కనిపిస్తే చాలు, గడ్డం ఎత్తి, పెదాలు బిగించి, చెవులు ఉన్నాయో లేవో ఆఫీసువాళ్లకు తెలియాలన్నట్టు కూర్చునేది. సముద్రం ఒడ్డున తీసినా అంతే, పెళ్లిలో తీసినా అంతే. ఆ రోజూ అలాగే కూర్చుంది. ఇలా కాదు, కిటికీ వైపు చూడు, ఏదైనా దుఃఖం తలుచుకో అంది టీచరమ్మ.

మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఏం తలుచుకోవాల అబ్బా? మీ అక్కను తలుచుకునేదా?"

నాకు నవ్వు ఆగలేదు. అట్ట ఊగింది. నన్ను చూసి ఆమె పకపకా నవ్వింది. ముందు పన్ను ఒకటి సగం విరిగి ఉండేది, దానికోసం ఎప్పుడూ కొంగు అడ్డం పెట్టుకునేది. ఆ రోజు అదీ మరచిపోయింది. కెమెరా టకటకా మోగుతూనే ఉంది. ఏమైందో అర్థం కాకపోయినా టీచరమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత ఎంతసేపు ప్రయత్నించినా మా ఆవిడ ముఖంలోకి దుఃఖం రాలేదు. కిటికీ వైపు తిరగడం, మీ అక్క అనడం, మళ్లీ నవ్వడం.

చివరికి వచ్చింది. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు మనిషి జుమా నమాజుకు వెళ్లడానికి షట్టర్ దించేస్తున్నాడు. మా ఆవిడ ఇంకా పెరుగు కొనలేదు. కిటికీలోంచి ఆ షట్టర్ వైపు చూసింది. టీచరమ్మ ఊపిరి బిగబట్టి ఒక్క ఫోటో తీసింది. చాలు, దొరికింది అంది.

గోడకెక్కింది ఆ ఫోటోనే. టీచరమ్మ దాన్ని మా ఆవిడ ఫోన్‌కు పంపితే, కింద రాసింది నేను చదివి తెలుగులో చెప్పాను.

"నేనా మౌనం?" అంది మా ఆవిడ. "పెరుగు మాట యాడా రాయల్యా?"

గోడౌన్‌లో లారీ నడిపే రాజంపేట అతనికి చూపించాను. ఇక్కడ నాతో రోజూ మాట్లాడేది అతనొక్కడే. స్టీరింగ్ ముందు ఆంజనేయుడి బొమ్మ పెట్టుకుంటాడు, నన్ను భాయ్ అంటాడు, మా ఆవిడను వదినా అంటాడు. "ఏం భాయ్, వదినను ఇంత ఏడిపిస్తివా? నోట్లో నాలుక లేనోడివి అనుకుంటినే," అన్నాడు.

సెలవులకు ఊరికి వెళ్లివచ్చిన టీచరమ్మ దుకాణానికి దిగులుగా వచ్చింది. ఆ ఫోటో ముందు జనం చాలాసేపు నిలబడ్డారట, కళ్లు తుడుచుకున్నారట. బయట మెట్ల దగ్గర మసీదు వద్దనే అర్జీతో ఎవరో నిలబడితే, తుడుచుకున్నవాళ్లలో చాలామంది దాని మీద సంతకం పెట్టి ఇంటికి వెళ్లారట. ఒక ముసలాయన టీచరమ్మతోనే అన్నాడట, పాపం, ఇలాంటి బతుకు మన ఊళ్లోకి రానివ్వకూడదు అని.

"పెరుగు లేకపోతే అంత ఏడుపు మొహం పెడతానా నేను?" అని మా ఆవిడ చాలా రోజులు అద్దంలో చూసుకుంది.

ఆమె పోయాక టీచరమ్మ వచ్చింది. మళ్లీ ఆ జేబుల అబాయా వేసుకుని వచ్చింది. చాలా ఏడ్చింది. మీ ఆవిడ బతుకంతా ఎంతో బాధపడింది అంది. నాకు తెలిసి మా ఆవిడ బాధలు మోకాళ్లు, అద్దె, నేను. అవునన్నాను.

గోడకు ఫోటో పెట్టడం మావాళ్లలో చాలామందికి ఇష్టం ఉండదు. నాకూ గోడకు అక్కర్లేదు, ఫోన్‌లో ఒకటి ఉంటే చాలు. వెతికాను. అన్నీ ఇఖామా ముఖాలే. మిగిలింది గ్రంథాలయం ఫోటో. దాన్నే ఫోన్ మీద పెట్టుకుంటే లారీ అతను చూసి, ఈసారి ఎగతాళి చేయలేదు.

"ఇది తీసెయ్ భాయ్. ఇది వదిన గాదు."

ఆ రోజు టకటకా మోగిన కెమెరా గుర్తొచ్చింది. ఆ నవ్వంతా టీచరమ్మ దగ్గర ఉండాలి. ఆమె ఉద్యోగం వదిలి వాళ్ల ఊరికి వెళ్లిపోతోందని తెలిసింది. నాకు ఒకరిని ఏదైనా అడగడం చేతకాదు. మా ఇంట్లో అడిగే పని మా ఆవిడది. మెసేజ్ రాసి చెరిపాను, మళ్లీ రాసి చెరిపాను. చివరికి వెళ్లి ఆమె ఇంటి బెల్లు కొట్టాను.

టీచరమ్మ తలుపు తీసి, నన్ను చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. చెయ్యి తలుపును మూయబోయింది. మా ఆవిడ పోయాక నేను గడ్డం గీసుకోలేదు. మతానికి కాదు, అద్దం ముందు నిలబడాలనిపించక. గుర్తుపట్టాక ఆమె ముఖం ఎర్రబడింది. క్షమించమని రెండుమూడుసార్లు అంది. పరవాలేదు, నాకే భయంగా ఉంది అన్నాను.

హాలంతా అట్టపెట్టెలు. వచ్చిన పని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నవ్విన ఫోటోలు పనికిరావని అప్పుడే తీసేశానంది. అయినా లాప్‌టాప్ తెరిచి వెతికింది. నేను పెట్టె మీద కూర్చున్నాను. చాలాసేపటికి, ఒకటి పొరపాటున మిగిలిందంది.

మసకగా ఉంది. మా ఆవిడ కిటికీ వైపు కాదు, పక్కకు తిరిగి ఉంది. స్కార్ఫ్ భుజం మీదికి జారింది. నోరంతా తెరిచి నవ్వుతోంది, విరిగిన పన్నుతో సహా. అంచున ఒరిగిపోతున్న తెల్ల అట్ట, దాని వెనుక నేను.

మిమ్మల్ని కత్తిరించి, ఆమె ఒక్కతే ఉండేట్టు చేసివ్వనా అని అడిగింది టీచరమ్మ. వద్దన్నాను. ఇంతకీ అప్పుడు ఆమె ఏమంది అని అడిగింది. మా అక్క సంగతి చెప్పాను. టీచరమ్మ గట్టిగా నవ్వి, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్లీ క్షమించమంది.

మర్నాడు లారీ అతనికి ఫోన్ ఇచ్చాను. చాలాసేపు చూశాడు.

"ఇదబ్బా వదినంటే," అన్నాడు. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, అంచు దగ్గర ఆగాడు. "అది సరే గానీ భాయ్, పక్కన అట్ట పట్టుకోని నవ్వుతాండే ఈయప్ప ఎవరు?"