టమాట మొక్కలకు పళ్లెం ఎండ

క్వార్టర్ ఎనుక గోడ నీడల పెట్టిన ఆరు టమాట మొక్కలు నెలైనా పూస్తలేవు. పీకేద్దామని పొద్దుగాల పోయి చూస్తే ఒక్కదానికి నిండుగ పూత ఉంది. ఇదొక్కటే ఎట్ల పూసిందని ఒకటే ఆలోచన.

మా బిడ్డ చూసి చెప్పింది. "బాపు, అవ్వ రోజూ తోమిన పళ్లెం ఎదురుంగ ఎండల ఆరబెడ్తది. దాని మెరుపు గీ మొక్క మీదనే పడ్తుంది."

బొగ్గుబాయి చీకట్ల ఏండ్లకేండ్లు పనిజేసినోన్ని, నా సంతోషం ఏమని చెప్పాలె. ఇంట్ల పళ్లాలన్నీ తెచ్చి ఎండల వరుసగ నిలబెట్టిన. ఆరు మొక్కల మీదా వెలుగు పడ్డది.

"మరి నీకు అన్నం దేంట్ల పెట్టాలె?" అన్నది మా బిడ్డ అవ్వ, అదే మా ఇంటామె.

మోదుగాకు విస్తరిల తిన్న. మిగతా ఐదు పూసేదాక నాకు విస్తరే. నీడల మొక్కలకు మీరు ఎండ ఎట్ల తెస్తుండ్రో జర చెప్పుండ్రి, మా ఇంటామె పళ్లాలు అడుగుతుంది.