మూడు పాయింట్లు ముందున్నప్పుడు ఫౌలు చేయాలా?

నేను చదివింది ఐదో తరగతి వరకే, అదీ తమిళ బడిలో. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక నా భార్య దగ్గర నేర్చుకున్నాను. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే కోప్పడవద్దు.

రిటైరయ్యే ముందు సంవత్సరం తమిళనాడు ధర్మపురిలో ఒక కాలేజీలో మార్కర్‌గా ఉన్నాను. మార్కర్ అంటే మైదానంలో సున్నం గీతలు వేసి, బంతులకు గాలి పట్టి, సామాను చూసుకునేవాడు. చిన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఆడినవాణ్ణి గనుక సాయంత్రాలు ఊరి ఆడపిల్లల జట్టుకు ఆట నేర్పేవాణ్ణి. ఆ ఏడు జిల్లా ఫైనల్‌కు హరూరు పోయాము. కెప్టెన్ సంగీత కూలి చేసుకునే ఇంటి పిల్ల. గెలిస్తే రాష్ట్ర పోటీకి పోవచ్చు. ఆ సర్టిఫికెట్ ఉంటే ఆటల కోటాలో కాలేజీ సీటు అడగవచ్చు. ఆమెకు ఇంకో దారి లేదు.

మాతో వెంకటేశన్ సార్ వచ్చారు. ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే కుర్ర మాస్టరు. ప్రతి ఆటనూ కంప్యూటర్‌లో లెక్క కట్టేవారు.

ఆట చివరికి వచ్చింది. కొన్ని సెకన్లే ఉన్నాయి. మేము మూడు పాయింట్లు ముందున్నాము, బంతి వాళ్లది. దూరపు గీత బయటనుంచి వేసిన బంతి పడితే మూడు పాయింట్లు, సమమైపోతుంది. టైమౌట్ అడిగాము.

"అన్నా, బంతి ఎయ్యకముందే ఫౌలు చెయ్యమను. ఒక్కో పాయింటుకు రెండు ఫ్రీ త్రోలే వస్తాయి. రెండూ పడినా మనమే ముందుంటాము" అన్నారు సార్.

"వద్దు సార్. చేతులెత్తి నిలబడితే చాలు. దూరంనించి వాళ్లలో బంతి ఎయ్యబోయే ఆ పిల్ల ఎయ్యలేదని నాకు అనిపిస్తా ఉంది."

"నీకు అనిపించేది నేను కంప్యూటర్లో ఎట్ల ఎక్కించేది?"

"మన పిల్లోళ్ల చేతులు వణికేది మీ కంప్యూటర్‌కు కనిపిస్తుందా?"

సంగీత మధ్యలో దూరింది. "మీరు కొట్లాడేలోపల టైమైపోతుంది మామా. ఏదో ఒకటి చెప్పండి."

సార్ లెక్కలో నాకు తప్పు దొరకలేదు. సరే, ఫౌలే అన్నాను. ఒకటే జాగ్రత్త. ఆ పిల్ల బంతి వేయడానికి ఎగరకముందే ముట్టుకోవాలి. దూరపు గీత బయట ఎగిరాక ముట్టుకుంటే మూడు ఫ్రీ త్రోలు ఇస్తారు.

మా పిల్లల ఇళ్లలో మాట్లాడేది తెలుగే, అందుకని మా జట్టుకు ఒక అలవాటు ఉంది. మైదానంలో గుట్టు మాటలన్నీ తెలుగులోనే అరుచుకుంటారు. ఎదుటివాళ్లు తమిళం వాళ్లు, వాళ్లకేం అర్థమవుతుందని ధీమా. బంతి ఆ పిల్ల చేతికి రాగానే సంగీత గట్టిగా అరిచింది. "ఇప్పుడే చెయ్యెయ్యి పాపా, ఎగరకముందే!"

ఆ పిల్ల వెంటనే బుట్ట వైపు తిరిగి, గీత బయటనుంచే ఎగిరింది. మా పిల్ల చెయ్యి అప్పుడు తగిలింది. రెఫరీ మూడు వేళ్లు చూపించాడు. మూడూ పడ్డాయి. అదనపు సమయంలో ఓడిపోయాము.

చేతులు కలిపేటప్పుడు ఆ పిల్ల నా దగ్గర ఆగింది. "మాది బి. మల్లాపురం తాతా. ఇంట్లో మేమూ తెలుగే. ఎగరకముందే అనిందే అక్క, అందుకే ఎగిరేసినాను."

"ముందే చెప్పేది గదా మే!" అంది సంగీత.

"చెప్పుంటే అరిచేది నిలిపేస్తారు గదా అక్కా!"

సంగీతకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమెకు ఆ ఏడు సీటు రాలేదు. నూలు మిల్లులో పనికి చేరింది.

ఆ పిల్లను దూరంనుంచి వేయనిచ్చి ఉంటే పడేదా? నాకు తెలియదు, సార్‌కూ తెలియదు. లెక్కైనా, అనుభవమైనా, ఎదుటివాళ్ల చెవిన పడ్డాక పనికిరాదు. నేను నేర్చుకుంది అదే. తరువాతి ఆటలకు చేతి సైగలు పెట్టాను.

రాసింది ఇంతే. తప్పులు కనిపించినచోట మీరే దిద్దుకుని చదివి, నన్ను క్షమించండి.